రంగూన్ రాక్ గాయకుడు, 54 అనే అంకె

మన తాతల కాలంలో "రంగం వెళ్ళాడు" అంటే పొట్టకూటికి సముద్రం దాటాడని అర్థం. అమెరికా కంటే ముందు మనవాళ్ళ అమెరికా రంగూనే. కోరంగి రేవులో ఓడెక్కి వెళ్ళారు కనుక బర్మావాళ్ళు వారిని కోరంగీలన్నారు. 1930 మే నెలలో రేవు పని విషయంలో తెలుగు కూలీలకూ బర్మా కూలీలకూ మధ్య కొట్లాటలు జరిగి ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ చరిత్ర చదువుతూ చదువుతూ, యాంగోన్‌గా పేరు మారిన ఆ నగరాన్ని ఊపేసిన ఒక రాక్ గాయకుడి దగ్గర ఆగిపోయాను. ఆయన పేరు లే ఫ్యూ.

1965లో పుట్టిన లే ఫ్యూ షాన్ రాష్ట్రపు పలాంగ్ తెగవాడు. గిటారిస్టు చిట్ సాన్ మాంగ్ ఉన్న "ఐరన్ క్రాస్" బృందంతో పేరు తెచ్చుకున్నాడు. పరాయి బాణీకి బర్మా మాటలు కూర్చి పాడే పద్ధతి అక్కడ బాగా ఉంది. దాన్ని "కాపీ తచిన్" అంటారు. మన సినిమా పాటలు వింటూ పెరిగినవాళ్ళం, వేలెత్తి చూపే అర్హత మనకెక్కడిది లెండి!

అసలు కథ 1990ల మధ్యలోది. సైనిక పాలనలో క్యాసెట్ బయటికి రావాలంటే ముందుగా పాటల సాహిత్యం సెన్సారు వారికి చూపించాలి. లే ఫ్యూ ఆల్బమ్ "పవర్ 54" ఆ గడప దాటేసింది. తీరా చూస్తే, ఆంగ్ సాన్ సూచీని 1989 నుంచి 1995 వరకు నిర్బంధించిన ఇల్లు యూనివర్సిటీ ఎవెన్యూలో 54వ నంబరుది! ఇంకేముంది, అంకె ఎగిరిపోయి "పవర్" మాత్రం మిగిలింది.

లే ఫ్యూ ఆ అంకె కావాలనే పెట్టాడా? నా మట్టుకు నాకు ఆ ప్రశ్న కంటే అధికారుల హడావుడే ఆసక్తిగా ఉంది. రోజూ ప్రోగ్రాములు రాసుకునే మాబోటివాళ్ళకి తెలుసు, పాస్‌వర్డ్ దాచాలంటే దాని చుట్టూ గోల చేయకూడదు. వాళ్ళు అంకెను కొట్టేసి, దాని అర్థాన్ని తామే చాటింపు వేశారు.

పత్రికలకు ముందస్తు సెన్సారు 2012 ఆగస్టులో ఎత్తేశారు. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ గద్దెనెక్కింది.

అన్నట్టు, లే ఫ్యూ తరువాత తెచ్చిన ఒక ఆల్బమ్ పేరు "బే ఆఫ్ బెంగాల్". మన కోరంగి ఓడలు దాటిన బంగాళాఖాతమే అది.