వదలడం నేర్చుకున్న పుల్ల

2020 మార్చి మధ్యలో ఇటలీలోని అవియానో సైనిక విమానాశ్రయం నుంచి అమెరికా వాయుసేన విమానం ఒకటి మెంఫిస్ నగరానికి ఎగిరింది. అందులో వెళ్లిన సరుకు సుమారు 5 లక్షల పుల్లలు. ముక్కులోంచి గొంతు వెనక దాకా పెట్టి తీసే, కొసన నూగు ఉన్న సన్నటి ప్లాస్టిక్ పుల్లలు. వాటిని చేసే కోపాన్ సంస్థ ఉన్నది బ్రేషాలో. ఆ వారాల్లో కరోనాకి ఇటలీలో ఎక్కువమందిని పోగొట్టుకున్న ఊళ్లు బ్రేషా, దాని పొరుగున ఉన్న బెర్గామోలే.

చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిన దేశం పుల్ల చేసుకోలేకపోయిందా అని అప్పట్లో చాలామంది ఆశ్చర్యపోయారు. నేనూ ఆశ్చర్యపోయాను. తర్వాత ఆ పుల్ల పుట్టుక గురించి వెతుక్కుంటూ పోతే ఒక సంగతి బోధపడింది. ఒంట్లోంచి నమూనాని పట్టుకురావడం ఎప్పుడూ పెద్ద కష్టం కాలేదు. పట్టుకున్నదాన్ని పుల్ల చేత తిరిగి వదిలించడమే నూరేళ్లకు పైగా ల్యాబులను ఏడిపించింది.

1893 నాటికి న్యూయార్క్‌లో పిల్లలు కంఠసర్పితో, అంటే డిఫ్తీరియాతో, ఊపిరాడక చనిపోతున్నారు. గొంతులో పొర కట్టిన ప్రతి బిడ్డకీ అదే జబ్బని చెప్పలేం, కాదనీ చెప్పలేం. నగర ఆరోగ్యశాఖలో హెర్మన్ బిగ్స్, విలియం పార్క్ ఒక చిన్న పెట్టె తయారుచేయించారు. లోపల రెండు గాజు గొట్టాలు. ఒకదాంట్లో గడ్డకట్టించిన రక్తరసం, రెండోదాంట్లో కొసకి దూది చుట్టిన లోహపు పుల్ల. ఈ పెట్టెలను ఊళ్లో మందుల షాపుల్లో పెట్టారు. డాక్టరు ఒకటి పట్టుకెళ్లి, బిడ్డ గొంతులో దూది తిప్పి, దాన్ని రక్తరసం మీద రుద్ది, పెట్టెను మళ్లీ షాపులో ఇచ్చేవాడు. రాత్రంతా ల్యాబ్‌లో వెచ్చగా ఉంచితే క్రిములు పెరిగేవి. మర్నాటికి జవాబు వచ్చేది. జబ్బు పిల్లను చంకనేసుకుని ల్యాబ్‌కి పరుగెత్తాల్సిన పని లేదు. దీనికి ఊరి ఆరోగ్యశాఖ డబ్బు తీసుకోలేదు కూడా.

ఆ పద్ధతి అంత బాగా నడవడానికి కారణం దూది గొప్పతనం కాదు. దూది తాకిన క్రిమిని అక్కడికక్కడే, మంచం పక్కనే, రక్తరసం మీదికి మార్చేశారు. క్రిమి దూదిలో కాపురం ఉండాల్సిన అవసరమే రాలేదు. పుల్ల ప్రయాణం చెయ్యాల్సి వచ్చినప్పుడు మొదలైంది అసలు తంటా.

దీపం వత్తి నూనె పీల్చుకోవడం చూస్తాం కదా. పీల్చిన నూనెని మళ్లీ ప్రమిదలోకి పిండమంటే ఎంత వస్తుంది? దూదిపుల్లా అంతే. గొంతులోని తడిని పోగుల మధ్య సందుల్లోకి లాక్కుంటుంది, తిరిగి ఇవ్వదు. పైగా దూదిలో సహజంగా ఉండే కొవ్వు ఆమ్లాలు కొన్ని సుకుమారపు క్రిముల్ని, ముఖ్యంగా గనేరియా క్రిమిని, దారిలోనే చంపేస్తాయి. స్టువర్ట్ అనే శాస్త్రవేత్త ఈ క్రిమి కోసమే ఏళ్ల తరబడి శ్రమపడి, 1954లో తన పద్ధతి ప్రకటించాడు. దూదికి బొగ్గుపొడి పట్టించి విషాన్ని లాగేశాడు. పుల్లను గుచ్చి పంపడానికి మెత్తటి జెల్లీ లాంటిది తయారుచేశాడు. అందులో క్రిమికి తిండి ఉండదు, ప్రాణం మాత్రం నిలుస్తుంది. దారిలో పెరిగితే లెక్క తప్పుతుంది, చస్తే అసలే దొరకదు. 1967లో ఏమీస్ అనే మరో శాస్త్రవేత్త ఆ జెల్లీని సవరించి బొగ్గును అందులోనే కలిపాడు. ఇప్పటికీ ల్యాబుల్లో ఆ ఇద్దరి పేర్లే వినిపిస్తాయి.

వాళ్లకన్నా ముందే, 1941లో, మన దేశంలో వెంకట్రామన్, రామకృష్ణన్ ఇదే చిక్కును కలరా వైపు నుంచి విప్పారు. తిరునాళ్లలో, పల్లెల్లో కలరా లేస్తే నమూనా పట్నం చేరేలోపు క్రిమి చచ్చిపోయేది. వాళ్లు లీటరు నీళ్లలో 20 గ్రాముల ముడి సముద్రపు ఉప్పు, 5 గ్రాముల పెప్టోన్ అనే ప్రొటీన్ పొడి కలిపి కాస్త క్షార గుణం ఉండేట్టు చేశారు. ఉప్పు క్రిముల్ని అణుస్తుందని ఊరగాయ పెట్టే ప్రతి ఇంటికీ తెలుసు. కానీ కలరా క్రిమికి ఉప్పు కలిసిన నీళ్లే పుట్టిల్లు. అందులో అది వారాల తరబడి బతికే ఉంటుంది, తోడు వచ్చిన మలక్రిములు మాత్రం దాన్ని మించి పెరగలేవు. మంచుగడ్డలు దొరకని చోటి నుంచి మామూలు సీసాలో పంపొచ్చు. ఇద్దరి పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని వీఆర్ ద్రవం అంటారు. మన పాఠ్యపుస్తకాల్లో వాళ్లకింకా తగిన చోటు దొరకలేదని నాకు బాధ.

ఇదంతా ప్రయాణం సంగతి. పుల్ల మాత్రం మారలేదు. దూది పోయి రేయాన్, పాలియెస్టర్ వచ్చాయి, కానీ పోగును చుట్టడం మానలేదు. జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష వచ్చాక కొత్త చిక్కు పడింది. చెక్కపుల్లలోని పదార్థాలు, కాల్షియం ఆల్జినేట్ కొసలు ఆ పరీక్షనే అడ్డుకునేవి.

అసలు మలుపు బ్రేషాలో వచ్చింది. 1979లో జార్జో త్రీవా పెట్టిన కోపాన్ సంస్థలో ఆయన కొడుకు దానియేలే త్రీవా, పోగును చుట్టడం మానేసి నాటితే ఎలా ఉంటుందని ఆలోచించాడు. ముఖమల్ లాంటి గుడ్డలకీ, కార్ల లోపలి అలంకరణకీ వాడే పద్ధతి అది. ప్లాస్టిక్ కొసకి జిగురు పూసి, విద్యుత్ క్షేత్రంలో సన్నటి నైలాన్ తునకలు వదిలితే, అవి ఆ క్షేత్రం గీతల వెంట నిటారుగా లేచి, నారు నాటినట్టు జిగురులో దిగబడతాయి. తునక పొడవు 0.6 నుంచి 3 మిల్లీమీటర్లు. ఇక లోపల దూదిముద్ద అంటూ ఏమీ లేదు. తడి పోగుల మధ్య పైపైనే నిలుస్తుంది, ద్రవంలో తిప్పగానే జారిపోతుంది. నిటారు పోగులు చిన్న బ్రష్షులా కణాల్ని గీకి తీస్తాయి కూడా. 2003లో పేటెంటుకి దరఖాస్తు చేశారు. 2006లో కెనడా పరిశోధకులు రేయాన్ పుల్లతో పోల్చి చూస్తే, నూగుపుల్లకి రెండు మూడు రెట్లు ఎక్కువ కణాలు దొరికాయి. వైరస్ కణం లోపల దాక్కుంటుంది కాబట్టి ఆ తేడా చిన్నది కాదు.

అంత మంచి పనిముట్టు చేసేవాళ్లు ప్రపంచంలో కొద్దిమందే కావడం 2020లో శాపమైంది. బ్రేషాలో కోపాన్, అమెరికాలో మెయిన్ రాష్ట్రపు గిల్ఫర్డ్ అనే చిన్న ఊళ్లో ప్యూరిటన్, ముఖ్యంగా ఈ రెండే. అప్పుడు సౌత్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం, నార్త్‌వెల్ ఆసుపత్రుల వాళ్లు ఫార్మ్‌ల్యాబ్స్ సంస్థతో కలిసి త్రీడీ ప్రింటర్‌లో పుల్లలు అచ్చువేశారు. వాటికి నూగు లేదు, కొసనే గరుకుగా మలిచారు. ఆ పుల్ల డిజైన్‌ను ఆసుపత్రులకు ఊరికే ఇచ్చారు.

పుల్ల వదిలింది సరే, పీసీఆర్‌కి ముందు వదిలినదాన్ని శుద్ధి చెయ్యాలి. అక్కడా అదే కథ. 1990లో ఆమ్‌స్టర్‌డామ్‌లో బూమ్ అనే శాస్త్రవేత్త బృందం చూపిన దారి ఇది: గ్వానిడినియం లవణం కణాన్ని చీలుస్తుంది, ఆ లవణం ఘాటుగా ఉన్నంతసేపు జన్యుపదార్థం సిలికా రేణువుల్ని అంటుకుంటుంది, కడిగాక లవణం లేని నీరు పోస్తే వదిలేస్తుంది. దాదాపు అన్ని శుద్ధి కిట్లకీ ఇదే మూలం. కరోనా కాలంలో ఆ కిట్లకీ కరువొచ్చింది.

హైదరాబాదులో అప్పట్లో రాకేశ్ మిశ్రా డైరెక్టరుగా ఉన్న సీసీఎంబీ పరిశోధన సంస్థలో పుల్ల ప్రయాణాన్నీ ఈ శుద్ధినీ కలిపి చూశారు. నమూనాని రెండు మూడు మిల్లీలీటర్ల ద్రవంలో ముంచి పల్చన చెయ్యడం, మళ్లీ చిక్కగా చెయ్యడానికి శుద్ధి చెయ్యడం ఎందుకు? పొడి గొట్టంలో పొడి పుల్లనే పంపితే సరిపోదా? ల్యాబ్‌లో దాన్ని ప్రొటీనేజ్ కె అనే ఎంజైము కలిపిన కొద్దిపాటి టీఈ బఫర్ ద్రవంలో తిప్పి, 98 డిగ్రీల వేడి పెట్టి, నేరుగా పీసీఆర్‌కి ఎక్కించారు. 2020 నవంబరులో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఒప్పుకుంది. పాత పద్ధతితో పోలిస్తే ఫలితాలు 96.9 శాతం కలిశాయి, ఖర్చు, సమయం 40 నుంచి 50 శాతం తగ్గుతాయని సీసీఎంబీ చెప్పింది. ఆ నవంబరు మార్చిలోనే వచ్చి ఉంటే అని ఇప్పటికీ అనిపిస్తుంది.

పుల్ల మెడ దగ్గర చిన్న నొక్కు ఉంటుంది. ముక్కులోంచి తీశాక అక్కడ విరిచి, కొసను గొట్టంలో వేసి, మూత బిగిస్తారు. సీసీఎంబీ పద్ధతిలో ఆ గొట్టంలో ద్రవం చుక్కైనా ఉండదు. దారిలో పెట్టె తలకిందులైనా కారిపోయేది ఏమీ లేదు.