అడగకుండా పెట్టిన సంతకం

విశాఖ వైపు నుంచి వెళ్లే రైళ్లు హౌరా చేరబోతూ టికియాపారా దగ్గర ఆగిపోవడం మనవాళ్లకు అలవాటే. ప్లాట్‌ఫారం ఖాళీ లేదంటారు. ఓ పక్క కార్ షెడ్, ఇంకో పక్క పట్టాలకు ఆనుకున్న ఇరుకు ఇళ్లు. అలా ఆగినప్పుడే ఒకసారి చూశాను, జానెడు జాగాలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. ఒకడి చెక్కబ్యాటు మీద ఎమ్మారెఫ్ అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. వాడే రాసుకున్నాడు. ఆ అక్షరాలకు వాడికెవరూ పైసా ఇవ్వలేదు. సచిన్ బ్యాటు మీద ఉంటాయని ప్రేమకొద్దీ రాసుకున్నాడు.

నదికి ఆవలి ఒడ్డున, ఈడెన్ గార్డెన్స్‌లో, అలాంటి అక్షరాలకు వెలకట్టడం దేశానికి నేర్పిన మనిషి ఉండేవాడు. జగ్‌మోహన్ దాల్మియా. ఆయన కథ ఎలా ముగిసిందో మనకు తెలుసు. తెలిసీ మళ్లీ మొదటినుంచి చెప్పుకోవడం, చావింట్లో అందరం చేసే పనే.

కలకత్తా మార్వాడీ ఇంటి బిడ్డ. కుర్రతనంలో క్లబ్బు జట్టుకు వికెట్లు కాచాడు. పంతొమ్మిదో ఏట తండ్రి పోతే వ్యాపారం భుజాన పడింది. 1987 ప్రపంచ కప్పు ఫైనల్ ఈడెన్‌లో జరిగిందంటే అందులో ఆయన చెయ్యి ఉంది. క్రికెట్ ప్రసారాల మీద దూరదర్శన్ గుత్తాధిపత్యాన్ని ఆయన బెంగాల్ క్రికెట్ సంఘం కోర్టుకీడ్చింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు అంది. 1996 ప్రపంచ కప్పులో అమ్మగలిగినదంతా అమ్మారు. మరుసటి ఏడు ఐసీసీ అధ్యక్ష పీఠం మీద ఆయనే.

అక్కడే ఆగిపోవాలనిపిస్తుంది. ఆ పీఠం దిగిన ఏడాదే, 2000లో, 2003, 2007 ప్రపంచ కప్పుల హక్కులు 55 కోట్ల డాలర్లకు అమ్ముడయ్యాయి. అంత సొమ్ము పోసినవాళ్లు ఊరికే పోయరు కదా. టోర్నీకి ముందు ముప్పై రోజులు, తర్వాత ముప్పై రోజులు తమ స్పాన్సర్లకు పోటీ అయిన ఏ కంపెనీ ప్రకటనలోనూ ఆటగాడు కనబడకూడదన్నారు. దేశాల క్రికెట్ బోర్డులు ఒప్పుకున్నాయి. ఆ ముఖాలు ఎవరివో వాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు. ఒక్క పూట కూర్చోబెట్టి అడిగి ఉంటే! ఎన్నిసార్లు తలచుకున్నా నా మనసు ఆ ఒక్క పూట దగ్గరే తిరుగుతుంది.

2002 ఆగస్టులో సచిన్, కెప్టెన్ గంగూలీ, ద్రవిడ్, కుంబ్లే ఆ షరతుల మీద సంతకం పెట్టేది లేదన్నారు. కొలంబో ఛాంపియన్స్ ట్రోఫీకి రెండో శ్రేణి జట్టు వెళ్తుందన్న మాట వినిపించింది. అప్పటికి భారత బోర్డు అధ్యక్షుడైన దాల్మియా ఆటగాళ్ల పక్షాన నిలబడ్డాడు. తను తెరిచిన బజారే తన గుమ్మం ముందుకొచ్చి నిలదీస్తుంటే, దానితోనే పోట్లాడాడు. చివరికి సగం సర్దుబాట్లతో జట్టు కదిలింది. కొలంబో కప్పును వాన పంచి పెట్టింది. ప్రపంచ కప్పుకు తగువు మళ్లీ లేచింది, మళ్లీ సర్దుకుంది. భారత్‌కు రావలసిన సొమ్మును మాత్రం ఐసీసీ ఆపిపెట్టింది.

2003 ఫిబ్రవరి 15, సెంచూరియన్. ఆస్ట్రేలియా మీద మనవాళ్లు 125కే కూలారు. స్పాన్సర్ పెప్సీ కాబట్టి, కోక్ డబ్బా తెరిచిన ఒక ప్రేక్షకుణ్ణి ఆ రోజే స్టేడియం నుంచి బయటికి పంపారు. ఇక్కడ దిష్టిబొమ్మలు తగలబెట్టారు, కైఫ్ ఇంటికి నల్లరంగు పూశారు. యాడ్ల మీదున్న ధ్యాస ఆట మీద లేదన్నారు. దేశమా డబ్బా అని వాళ్లను నిలదీసిన మనం, సంతకం ఎవరు పెట్టారో అడగలేదు. ఆ కుర్రాళ్లే ఫైనల్ దాకా వెళ్లారు.

ఆ తర్వాతంతా దిగుడుమెట్లే. 2005 నవంబరులో, ఆయన సొంత ఊళ్లోనే, బోర్డు ఎన్నికల్లో దాల్మియా వర్గం శరద్ పవార్ చేతిలో ఓడింది. రెండు వారాలు తిరిగేసరికి గంగూలీ టెస్టు జట్టులో లేడు. 2006లో బెంగాల్ సంఘం ఎన్నికల వేళ దాల్మియాను తప్పుపడుతూ గంగూలీ రాసిన ఈమెయిల్ బయటపడింది. ఎవరి జేబు కోసం నాలుగేళ్ల కిందట ప్రపంచంతో తగువుపడ్డాడో, ఆ కెప్టెన్ మాట అది. చదివినప్పుడు దాల్మియా ముఖం ఎలా ఉందో ఊహించి రాయడానికి నాకు చెయ్యాడదు. అదే డిసెంబరులో బోర్డు ఆయన్ని బహిష్కరించింది. ఆరోపణ దేని మీద? ఏ 1996 ప్రపంచ కప్పు ఆయన్ని అందలం ఎక్కించిందో, దాని లెక్కల మీదే.

పోరాడాడు. 2010లో బోర్డు బహిష్కరణను వెనక్కి తీసుకుంది. 2015 మార్చిలో చెన్నైలో మళ్లీ అధ్యక్షుడయ్యాడు. ఈసారి గొంతు సన్నగిల్లింది, అడుగు తడబడింది. పీఠం దొరికింది, కూర్చునే ఒంట్లో సత్తువ లేదు. సెప్టెంబరు 20న కోల్‌కతాలో కన్నుమూశాడు. ఆయన భౌతికకాయాన్ని చివరిసారిగా ఈడెన్‌కు తెచ్చారు. ఆయన కోరిక ప్రకారం కళ్లు దానం చేశారు.

నాలుగు రోజులకు బెంగాల్ సంఘంలో ఆయన కుర్చీ గంగూలీకి దక్కింది.