ముందు ఫోర్కు పొడుగు, వెనుక కథ

ఉప్పునుంతల వంటి ఊళ్ళలో తరాలపాటు తిరిగిన సైకిలుకు స్ప్రింగులు ఉండేది ఒక్కచోటే, సీటు కింద. మద్రాసులో 1949లో మొదలైన టీఐ వారి హెర్క్యులిస్ కానీ, సోనీపతులో 1951లో మొదలైన అట్లాస్ కానీ, లూథియానాలో 1956లో మొదలైన హీరో కానీ, పేరేదైనా ముందు ఫోర్కు మాత్రం కదలని ఇనుప గొట్టమే. పాలక్యాను తగిలించుకున్నా, క్యారేజీకి ఎరువు బస్తా కట్టినా, బండ్లబాటలో గులకరాళ్ళ మీద పోయినా, ఆ కుదుపును మోసినవి రెండే: 1888లో డన్‌లప్ సైకిలుకు తెచ్చిన గాలి టైరు, మనిషి మోచేతులు.

ఇప్పుడు నల్లమల వైపు గుట్టబాటలు తొక్కే సరదా ఉన్నవాళ్ళు ముందూ వెనుకా షాకబ్జర్లున్న గేరు సైకిళ్ళు కొంటున్నారు. కొన్నాళ్ళకే వారికొక కోరిక పుడుతుంది: ముందు ఫోర్కు తీసేసి ఇంకా పొడుగుది వేస్తే ఎలా ఉంటుంది? ఫోర్కు ఎంత లోపలికి నొక్కుకోగలదో ఆ కొలతను ట్రావెల్ అంటారు. నేను దాన్ని దిగుడు అంటాను. దిగుడు పెరిగితే సుఖమూ పెరుగుతుందన్నది ఆ కోరిక వెనుక లెక్క. ఈ లెక్క ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే ఫోర్కు చరిత్ర చూడాలి.

నూనెతో కుదుపును అణచే జంట గొట్టాల ఫోర్కు మొదట మోటారు సైకిలుది. 1935లో బీఎండబ్ల్యూ తన ఆర్12 బండికి దాన్ని అమర్చింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడ్డాక, బుల్లెట్టు పుణ్యమా అని అటువంటి ఫోర్కు మన రోడ్లకూ పరిచయమైంది. సైకిలుకు మాత్రం అది చాలా ఆలస్యంగా వచ్చింది.

కాలిఫోర్నియాలోని టమల్పాయిస్ కొండ దగ్గర కొందరు కుర్రాళ్ళు పాత లావు టైర్ల సైకిళ్ళతో 1976లో రీప్యాక్ అనే పందెం మొదలుపెట్టారు. దిగేలోపు బ్రేకు వేడికి వెనుక హబ్బులో గ్రీజు మాడిపోయేది. మళ్ళీ గ్రీజు కూరాలి కనుక ఆ పేరు. కొండ సైకిలు పుట్టుక అదే, కానీ అప్పుడూ ఫోర్కు బిగుసుకున్నదే. మోటారు సైకిలు పందేల్లో పనిచేసి వచ్చిన పాల్ టర్నర్ 1989లో రాక్‌షాక్స్ సంస్థను స్థాపించి తెచ్చిన తొలి ఫోర్కుకు దిగుడు సుమారు రెండంగుళాలు. 1990లో డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో గ్రెగ్ హెర్బోల్డ్ దానితోనే కొండ దిగే పందెం గెలిచాడు.

ఆ తరువాత జరిగినదే మనకు పాఠం. కదలని ఫోర్కు కోసం గీసిన ఫ్రేములకు ఈ కొత్త ఫోర్కు తగిలిస్తే సైకిలు ముందు భాగం పైకి లేచింది. అందుకని తయారీదారులు ఫోర్కు పొడుగును లెక్కలోకి తీసుకుని ఫ్రేములే మళ్ళీ గీశారు. 1990ల చివరికి మార్జోకీ బాంబర్ వంటి ఫోర్కులు నాలుగంగుళాలకు చేరాయి. ఫ్రేములు మళ్ళీ మారాయి. ఒకప్పుడు సుమారు 71 డిగ్రీలుండే మెడ గొట్టం వాలు ఇవాళ గుట్టబాట సైకిళ్ళలో 65 దగ్గరికి వచ్చింది. అయితే ఆ వాలుకు తగ్గట్టు ఫ్రేము పొడుగు, సీటు నిటారుతనం కూడా సరిచేశారు. ఫోర్కు ఒంటరిగా ఎన్నడూ పెరగలేదు.

ఇంట్లో పొడుగు ఫోర్కు బిగించేవాడు చేసేది సరిగ్గా అదే, ఫోర్కును ఒంటరిగా పెంచడం. ఫోర్కు 20 మిల్లీమీటర్లు పెరిగితే మెడ వాలు సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. 100 దిగుడున్న చోట 140ది వేస్తే దాదాపు రెండు డిగ్రీలు. పెడళ్ళ ఇరుసు ఒక సెంటీమీటరుకు పైగా లేస్తుంది, సీటు వెనక్కి వాలుతుంది. దిగుడులో ధీమాగా పోయే బండి, ఎక్కుడులో ముందు చక్రాన్ని అటూ ఇటూ తిప్పుతుంది. వెనుక షాకబ్జరు పాతదే కనుక ముందు మెత్తన, వెనుక గట్టిగా తోస్తుంది.

వీటికైతే అలవాటు పడవచ్చు. అసలు ప్రమాదం మెడ దగ్గర ఉంది. ఫోర్కు పొడుగైన కొద్దీ అది గునపంలా పనిచేసి, ప్రతి గుంతలోనూ మెడ గొట్టాన్ని కింది గొట్టం నుంచి విడదీయాలని చూస్తుంది. పగులు రంగు కింద మెల్లగా పాకి, ఏ వాలులోనో తెగుతుంది. అప్పుడు విరిగే మెడ ఫ్రేముది కావచ్చు, మనది కావచ్చు.

కనుక డబ్బు తీసేముందు దిగుడు అంకె ఒక్కటే చూసి ఊరుకోకండి. చక్రం ఇరుసు నుంచి ఫోర్కు భుజం దాకా టేపు పట్టి కొలవండి. ఫ్రేము చేసినవారు ఎంతవరకు ఒప్పుకున్నారో వారి పుస్తకంలో చూడండి. పది ఇరవై మిల్లీమీటర్లకు చాలామంది ఒప్పుకుంటారు. అంతకు మించి కావాలంటే అందుకు గీసిన ఫ్రేమునే వెతుక్కోవడం మేలు.

అన్నట్టు, ట్రావెల్‌కు దిగుడు కంటే మంచి మాట మీకేదైనా తోస్తే తప్పక చెప్పండి.