శ్రీశైలం కాలిబాట
నల్లమల కొండల మీదుగా మోటారు దారి పడకముందు శ్రీశైల యాత్ర ప్రధానంగా కాలినడకనే సాగేది. ఆత్మకూరు సమీపంలోని వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను దాటి కైలాసద్వారానికి ఎక్కే బాట పడమటి యాత్రికులది, అందులోనూ ఉగాదికి తరలివచ్చే కన్నడ వీరశైవ భక్తులది.

14వ శతాబ్దంలో రెడ్డి రాజ్యాన్ని స్థాపించిన ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ సోపానాలు, అనగా కొండ ఎక్కడానికి రాతిమెట్లు, కట్టించాడు. ఆయన కుమారుడు అనవేమారెడ్డి, భక్తావేశంలో వీరులు తమ అంగాలను, శిరస్సును సైతం శివునికి అర్పించుకునే వీరశిరోమండపాన్ని శ్రీశైలంలో నిర్మించాడు. రాజుల దానాలను శాసనాలు చెబుతాయి గాని, దట్టమైన అడవిలో యాత్రికులకు తోడుగా నిలిచి, మల్లికార్జునుని చెంచు మల్లయ్యగా, తమ ఇంటి అల్లుడిగా కొలిచే చెంచుల సేవ కూడా ఈ దారి చరిత్రలో అంతే విలువైనది.

ఆర్టీసీ బస్సులు నేరుగా ఆలయం దాకా చేరుస్తున్న ఈ కాలంలోనూ అనేకులు ఆత్మకూరులో బస్సు దిగి ఈ బాటనే పడతారు. అయితే అడవి పులుల అభయారణ్యంలో భాగమైనందున, అటవీశాఖ శివరాత్రి, ఉగాది రోజుల్లోనే అందుకు అనుమతిస్తుంది.