బరోడాలో లలితకళావిద్య

స్వాతంత్ర్యానికి పూర్వం మన చిత్రకళా పాఠశాలలు చాలవరకు డిప్లొమాలతోనే తృప్తిపడేవి. చేతిపనికి పట్టభద్రత కట్టబెట్టడానికి విశ్వవిద్యాలయాలు సంకోచించేవి. 1949లో ఏర్పడిన బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం, హంసా మెహతా వైస్-చాన్సలరుగా ఉన్న కాలంలో, 1950లో లలితకళాశాఖను నెలకొల్పి ఆ సంకోచాన్ని తొలగించింది. బేంద్రే చిత్రకళను, శంఖో చౌధురి శిల్పాన్ని బోధించారు. శాంతినికేతనంలో చదివిన కె.జి. సుబ్రహ్మణ్యన్ 1951లో వారితో చేరారు. బోధించినవారందరూ స్వయంగా సృజించినవారే. అభ్యాసానికి కళాచరిత్ర జ్ఞానం తోడయింది.

అయితే విశ్వవిద్యాలయపు మూసలో పడిన కళాకారుడు తన నేలను మరచిపోడా? మెదకు జిల్లా నిజాంపురంలో పుట్టిన లక్ష్మా గౌడ్ 1963లో బరోడా చేరి, రెండేండ్లు భిత్తిచిత్రకళను, ముద్రణచిత్రకళను అభ్యసించారు. ఆపైన ఆయన చిత్రాలలో కనిపించినవారు తెలంగాణా పల్లెజనమే. ఆ శంకకు ఇంతకంటె సమాధానమేమి కావాలి?