లాగ్‌బుక్‌లో తప్పుకు చోటు

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రహదారి మీద ఉన్న మొయినాబాద్, చేవెళ్ల ఒకప్పుడు కూరగాయలకూ పూలకూ పేరుపడిన పల్లెసీమలు కాగా, 1998లో అజీజ్‌నగర్‌లో విద్యాజ్యోతి ఇంజినీరింగ్ కళాశాల, 2005లో మొయినాబాద్ మండలంలో భాస్కర్ మెడికల్ కాలేజీ, ఆ తరువాత చేవెళ్లలో పట్నం మహేందర్ రెడ్డి వైద్య విజ్ఞాన సంస్థ వెలియడంతో ఆ రహదారి క్రమంగా కాలేజీ బస్సుల దారి అయింది. ఇక్కడి వైద్యబోధనకు మూలాలు 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో ఉన్నాయి. ఆ చరిత్రలో తెలియనితనానికీ పొరపాటుకూ దక్కిన స్థానం చిన్నది కాదు.

ఆ స్కూలు ప్రిన్సిపల్ ఎడ్వర్డ్ లారీ, 1888, 1889 సంవత్సరాల్లో నిజాం ప్రభుత్వ సాయంతో రెండు కమిషన్లు నడిపి, వందలాది జంతువులకు క్లోరోఫామ్ అనే మత్తుమందు ఇచ్చి చూసి, దాని ప్రమాదమంతా శ్వాస ఆగడంలోనే ఉందని, గుండెకు నేరుగా హాని లేదని తేల్చారు. శ్వాసను కనిపెట్టుకుని ఉండాలన్న హెచ్చరిక మంచిదే గాని తీర్పు తప్పు: తేలికపాటి మత్తులోనే గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చని 1911లో గుడ్‌మన్ లెవీ నిరూపించారు. సికింద్రాబాద్‌లో మలేరియాను మోసే దోమను వెతికిన రోనాల్డ్ రాస్ కూడా పొరబడినవారే. 1895 నుంచి ఆయన కోసి పరీక్షించిన దోమల్లో అత్యధికం మలేరియాను మోయని జాతులు. అయితే ఏ దోమో తనకు తెలియదన్న సంగతిని ఆయన మరుగుపరచక వెతుకుతూ పోయినందువల్లనే 1897 ఆగస్టు 20న అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా క్రిమి దొరికింది. లారీ లోపం పొరబడడం కాదు, ప్రశ్నను ముందే మూసివేయడం.

తరగతి గదికి మాత్రం రాస్ పద్ధతి అంతగా అబ్బలేదు. ఎక్స్‌టర్నల్ పరీక్షకుడి ఎదుట నిలబడి జవాబు చెప్పే వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, ‘తెలియదు సార్’ అన్నవాడికన్నా తడబడుతూనైనా ఏదో ఒకటి చెప్పినవాడే నయమన్న నమ్మకం తరతరాలుగా సాగింది. తెలంగాణలో 2017 నుంచి వైద్య ప్రవేశాలకు ఆధారమైన నీట్‌లో సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పుకు ఒకటి పోతుంది, వదిలేస్తే ఏమీ పోదు. ఊహించి రాయవద్దన్న పాఠం మంచిదే అయినా, నోరు మెదపకపోవడమే క్షేమమన్న అలవాటు కూడా దాని వెంటే తరగతిలోకి వస్తుంది.

2019లో భారత వైద్య మండలి తెచ్చిన సామర్థ్యాధారిత పాఠ్యప్రణాళిక, అంటే ఎంత చదివారన్నదానికన్నా ఏమి చేయగలరన్నదానికి పెద్దపీట వేసే విధానం, ఈ వరుసను కొంత మార్చింది. విద్యార్థి నేర్చిన పనులను నమోదు చేసే లాగ్‌బుక్‌లో ప్రతి పనికీ అది మొదటి ప్రయత్నమా, మళ్లీ చేసినదా, దిద్దుబాటు శిక్షణ తరువాతదా అన్న గడి ఒకటి, ఆశించిన స్థాయికి తక్కువా, సరిపోయిందా, మించిందా అన్న గడి మరొకటి, పూర్తయిందో మళ్లీ చేయాలో అధ్యాపకుడు తేల్చి సంతకం పెట్టే గడులు వేరుగా ఉంటాయి. రెండోసారి చేయడం ఇక్కడ శిక్ష కాదు, నమోదు కావలసిన దశ. అయితే కోర్సులో ఒక్కో దశకు సంబంధించిన లాగ్‌బుక్ పూర్తి కానిదే విశ్వవిద్యాలయ పరీక్షకు అర్హత లేదన్నదీ నియమమే కనుక, గడులన్నీ పరీక్షల ముందు ఒక్క ఊపున ‘పూర్తయింది’తో నిండితే అది పాత రికార్డు పుస్తకానికి కొత్త అట్ట మాత్రమే అవుతుంది.