గాజు కోత: వజ్రం నుండి చక్రం దాకా

రంపంతో కర్రను కోస్తే పొట్టు రాలుతుంది. కత్తెరతో రేకును కత్తిరిస్తే దాని అలుగులు లోహంగుండా దూసుకొని పోతాయి. గాజుపలక సంగతి వేరు. అద్దాలు బిగించే పనివాడు పలకపై కొలబద్ద ఆనించి, చేతిలోని చిన్న పనిముట్టుతో సన్నని గీత ఒకటి గీస్తాడు. తరువాత పలకను బల్ల అంచుకు జరిపి కొంచెం వంచుతాడు. టప్పున అది రెండు ముక్కలవుతుంది. పనిముట్టు తాకినది పైపొరను మాత్రమే. తక్కిన మందాన్ని విడదీసినది పగులు. కనుక గాజును కోయడమంటే, కోరిన దారిన పగులును నడిపించడమే. ఈ సంగతి పనివారి చేతులకు ఏనాడో తెలుసు. దాని కారణం శాస్త్రానికి అందడానికి మాత్రం చాలా శతాబ్దాలు పట్టినది.

12వ శతాబ్దపు ఆరంభంలో ఐరోపాలో థియోఫిలస్ అనే సన్యాసి చేతిపనులను గురించి లాటిన్‌లో ఒక గ్రంథం రాసినాడు. ఆనాడు చర్చి కిటికీల రంగుగాజును ఎట్లా కోసేవారో అందులో వివరించినాడు. ఇనుప కమ్మిని ఎర్రగా కాల్చి పలక అంచున ఆనించేవారు. అక్కడ చిన్న పగులు పుట్టేది. గాజు మొండికేస్తే, వేలితో ఉమ్మి తీసి ఆ చోట తడి చేసేవారు. పగులు పుట్టిన తరువాత కమ్మిని ఎటు జరిపితే అది అటే సాగేది. వేడికి గాజు ఒకచోట వ్యాకోచించి ప్రక్కచోట వ్యాకోచించకపోవడమే ఇందులోని కిటుకు. కాని ఆ పగులు గీత గీసినట్లు రాదు. మిగిలిన వంకరటింకర అంచును గాడి ఉన్న మరొక ఇనుముతో కొంచెం కొంచెంగా కొరికి సరిచేయవలసి వచ్చేది.

తరువాతి కాలంలో ఈ పనికి వజ్రం వచ్చినది. 1720ల ప్రాంతంలో బ్రెజిల్ గనులు బయటపడేవరకు ప్రపంచానికి వజ్రాలను ప్రధానంగా అందించినది మన దేశమే. గోలకొండ పేరుతో ప్రసిద్ధికెక్కిన ఆ రాళ్ళలో అనేకం కొల్లూరు వంటి కృష్ణాతీరపు గనులలో దొరికినవే. వజ్రంతో గాజుపని సులువైనది. కాని పనివానికి కొత్త చిక్కు ఒకటి వచ్చిపడినది. రాయిని ఒకానొక వాలులో పట్టినప్పుడే అది పగులును పుట్టించేది. ఆ వాలు ఏమాత్రం తప్పినా తెల్లని గీరు తప్ప మరేమీ మిగిలేది కాదు. ఏడేండ్లు పనిలో ఉన్నా దీనిని సరిగా పట్టడం రాని కుర్రవాళ్ళు ఉండేవారని చార్లెస్ బాబేజ్ 1832లో రాసినాడు.

ఇందుకు కారణమేమి? 1816లో విలియం హైడ్ వొలాస్టన్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనిని పరిశీలించినాడు. నగల కోసం సానపట్టిన వజ్రపు మొన గాజును గీరుతుందేగాని సరిగా కోయదు. గాజుపనివారు వాడేది సానపట్టని సహజ స్ఫటికం. దాని ముఖాలు కొంచెం ఉబ్బెత్తుగా ఉంటాయి. అవి కలిసే అంచు కూడ వంపు తిరిగి ఉంటుంది. అట్టి అంచు గాజును దాదాపు ఒక బిందువు వద్ద తాకి, రెండు ప్రక్కలకూ సమానంగా ఒత్తుతుంది. దాని క్రింద నిట్టనిలువుగా పగులు దిగుతుంది. దీనిని రుజువు చేయడానికి ఆయన కెంపు, నీలం వంటి రాళ్ళను అదే ఆకారంలో అరగదీసి చూసినాడు. అవీ గాజును కోసినవి! కాని త్వరలోనే అరిగిపోయినవి. అనగా కోత ఆకారానిది, మన్నిక కాఠిన్యానిది.

ఈ రెండింటినీ వేరుచేసి చూడగలిగితే పనిముట్టును బాగుచేయవచ్చును. బాబేజ్ వర్ణించిన కొత్త పనిముట్టులో వజ్రాన్ని చిన్న ఇత్తడి దిమ్మెలో పొదిగి, ఆ దిమ్మెను పిడికి కొంచెం తిరిగేటట్లు అమర్చినారు. దిమ్మె అంచు కొలబద్దకు ఆనగానే రాయి తన వాలును తానే తీసుకొనేది. ఏడేండ్ల నేర్పులో చాలా భాగం అట్లా పనిముట్టులోకి చేరినది.

మరొక పెద్ద అడుగు అమెరికాలో పడినది. 1869లో కనెటికట్ రాష్ట్రపు బ్రిస్టల్‌కు చెందిన శామ్యూల్ మాన్స్ ఉక్కు చక్రం గల కట్టరుకు పేటెంటు పొందినాడు. చక్రపు అంచు కూడ వంపుగలదే. అది దొర్లుతూ ప్రతిక్షణం కొత్త చోట గాజును తాకుతుంది. వజ్రం కొనలేని పనివానికి కూడ మంచి కోత అందుబాటులోకి వచ్చినది. 20వ శతాబ్దంలో ఉక్కుకంటె ఎంతో గట్టిదైన టంగ్‌స్టన్ కార్బైడ్ చక్రాలు వచ్చి మన్నికను పెంచినవి.

ఇక పగులు సంగతి. గాజుపై ఉన్న సన్నని పగులు మొనవద్ద ఒత్తిడి ఎన్నోరెట్లు కేంద్రీకృతమై, కొద్ది బలానికే అది ముందుకు సాగుతుందని 1921లో ఎ. ఎ. గ్రిఫిత్ నిరూపించినాడు. కొద్దిగా వంచగానే పలక విరగడంలోని రహస్యమిదే.

ఈ చరిత్ర తెలిసినవారికి కట్టరును ఎన్నుకోవడం కష్టం కాదు. "ఎంత పదునైతే అంత మంచిది" అనుకోవడం పొరపాటు. చక్రపు అంచు కోణాన్ని చూడాలి. రెండు మూడు మిల్లీమీటర్ల పలకకు సుమారు 120 నుండి 135 డిగ్రీల కోణం సరిపోతుంది. పది మిల్లీమీటర్ల పలకకు 150 డిగ్రీలో, అంతకు కొంచెం ఎక్కువో ఉండాలి; లోతైన పగులుకు ఎక్కువ బలం పెట్టవలసి ఉంటుంది, ఆ బలానికి వాడి అంచు గాజును ప్రక్కలకు పెచ్చులెగరగొడుతుంది. రోజంతా పనిచేసేవారికి పిడిలోనే నూనె నిలువ ఉండే కార్బైడ్ కట్టరు మేలు. అప్పుడప్పుడు చేసేవారికి మామూలు ఉక్కు చక్రమూ, చుక్క కిరోసినూ చాలు. గట్టిపరచిన గాజుకు మాత్రం ఏ కట్టరూ పనికిరాదు. దాని పైపొరలు సంపీడనంలోను, లోపలిభాగం తన్యతలోను ఉంటాయి. పగులు లోపలికి దిగితే పలకంతా ముక్కలైపోతుంది. కనుక దానిని గట్టిపరచడానికి ముందే కోయాలి.

కొనేముందు పనికిరాని గాజుముక్కపై ఒక్కసారి గీసి చూడవచ్చును. సన్నని, ఎడతెగని గీత పడి, సన్నగా ఒకే తీరున చప్పుడు వినిపిస్తే చక్రం బాగున్నట్లే. తెల్లని పొడి రాలితే చేతి బరువు ఎక్కువైనదో, అంచు అరిగినదో అనుకోవాలి. అదే గీతపై రెండవసారి చక్రం నడపరాదు. నడిపితే చక్రమూ చెడుతుంది, విరుపూ చెడుతుంది. గీత గీసిన వెంటనే పలకను విరవాలి.